క్వార్టర్ తాళంచెవి, 1,493 రూపాయల పెన్షన్

2018 మే నెల ఆఖరి ఆదివారం మా మిషన్ చర్చిలో బోధ చేసే ఉపదేశిగారికి వీడ్కోలు సన్మానం జరిగింది. 36 ఏళ్లు పనిచేశాడాయన. ఆరాధన అయ్యాక శాలువా కప్పారు, దండ వేశారు, కవర్లో పది వేలు పెట్టి ఇచ్చారు, ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. స్త్రీల సమాజం వాళ్లు పులిహోర వండారు. నేనూ రెండు మాటలు మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ చప్పట్లయితే కొట్టారు.

బుధవారం పొద్దున ఆయన క్వార్టర్ ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఇనుప మంచం, రెండు ట్రంకు పెట్టెలు, దుప్పట్లో చుట్టిన హార్మోనియం, రంగు డబ్బాలో నాటిన కరివేపాకు మొక్క. అన్నిటి మీదా అట్టపెట్టె కూడా విప్పని ఆ గోడ గడియారం. ఆయన ఆఫీసుకు వచ్చి తాళంచెవి నా టేబుల్ మీద పెట్టాడు.

"నీకు ఇచ్చిపొమ్మన్నరు తమ్మీ."

"ఎటు పోతున్నరన్నా?"

"బిడ్డ దగ్గరికి, హుజూరాబాద్. కొన్ని దినాలు ఉంటం. తర్వాత చూద్దాం."

రిజిస్టరు తీసి 'క్వార్టర్ నం. 4, తాళం ఒకటి, చెవులు రెండు' అని రాసుకున్నాను. నేనుండేది ఆరో నంబరులో. అప్పటికి నాకు 53. ఆ 'తర్వాత' అనే మాట ఆ రోజంతా చెవిలోనే ఉంది.

నేను హనుమకొండలో ఒక మిషన్ కాంపౌండులో గుమాస్తాని. మిషన్ పేరు రాయను. 1989లో 450 రూపాయల జీతం మీద చేరాను. జీతం తక్కువ, కానీ ఇల్లు ఫ్రీ అన్నారు. పెళ్లిచూపుల్లో మా మామ అడిగింది కూడా అదే, "ఇల్లు ఇస్తరట గదా?" అని. 'ఇస్తారు' అన్నాను. 'ఉండనిస్తారు' అనాల్సింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక పొడుగు పుస్తకం తీసి ఒక పని చేశాను. ముప్పై ఏళ్లుగా మిషన్ చిట్టా రాస్తున్నవాణ్ణి, నా ఇంటి చిట్టా ఎప్పుడూ రాయలేదు. ఒక పక్క చేతికి వచ్చేది వేశాను: 11,200. రెండో పక్క చేతికి రాకుండానే అందేది వేశాను. ఇలాంటి రెండు గదుల ఇల్లు బయట అద్దెకు తీసుకుంటే అప్పట్లో 4,500. కోతపండుగకు మాకిచ్చే రెండు బస్తాల బియ్యం, నెలకు పంచితే దాదాపు 400. నాకు షుగరు, మా ఆవిడకు బీపీ, మిషన్ ఆసుపత్రిలో మందులు సగం ధరకే. ఆ మిగులు 700. చిన్నమ్మాయి ఫీజులో రాయితీ, అదో వెయ్యి. మొత్తం 6,600.

అంటే నా అసలు జీతం 11,200 కాదు, 17,800. రిటైరైన రోజున జీతంతో పాటు ఈ 6,600 కూడా ఆగిపోతుంది. పెన్షన్ ఎంత వస్తుందని అందరం మాట్లాడుకుంటాం గానీ ఈ రెండో పక్క లెక్క మా కాంపౌండులో ఎవరూ వేసినట్టు నేను చూడలేదు. పాస్టరయ్యగారి నుంచి గంట కొట్టే తాత దాకా అందరి బతుకూ ఇదే. ఇల్లు పనితో పాటు వచ్చింది, పనితో పాటే పోతుంది.

పుస్తకం చూసి మా ఆవిడ అడిగింది, "మరి పీఎఫ్ ఉన్నది గదా?" అని. ఉంది కదా అని నేనూ ధైర్యంగానే ఉన్నాను. అక్కడే అసలు కథ మొదలైంది.

నా ఉద్యోగం ముక్కలుముక్కలుగా సాగింది. 1989 నుంచి 2006 దాకా మిషన్ ఆఫీసులో. అక్కడ పీఎఫ్ లేదు. 2006 జూన్‌లో మిషన్ హైస్కూలు ఆఫీసుకు మార్చారు. బడిలో ఇరవై మందికి పైగా స్టాఫ్ కాబట్టి పీఎఫ్ కట్టేవాళ్లు. 2011లో మళ్లీ మిషన్ ఆఫీసుకు రమ్మన్నారు, అకౌంట్లు చూసేవాళ్లు లేరని. నాలుగేళ్లు అక్కడ, పీఎఫ్ లేకుండా. 2015 జూన్‌లో తిరిగి బడికి. పిలిచిన చోటికల్లా పోయాను. సేవ కదా అనుకున్నాను, అడగాలని తోచలేదు.

మా పెద్దల్లుడు ఫోన్లో ప్రభుత్వ ఉమంగ్ యాప్ పెట్టి నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాడు. నిల్వ 44 వేలు. సర్వీసు 2015 జూన్ నుంచి. అంతే. 2006 నుంచి 2011 దాకా కట్టిన ఐదేళ్లు అందులో లేవు.

డబ్బు కంటే ఆ తేదీ నన్ను భయపెట్టింది. పీఎఫ్ పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, పూర్తిగా రావాలంటే వయసు 58 నిండాలి. 2015 నుంచి 2023 దాకా లెక్కవేస్తే ఎనిమిదేళ్లే. పదేళ్లకు తగ్గితే నెలనెలా పెన్షన్ ఉండదు. ఒకేసారి ఇంత అని చేతిలో పెట్టి పంపిస్తారు. వేరే వాళ్ల చలాన్లు ఏళ్ల తరబడి కట్టినవాణ్ణి, నా నంబరు ఒక్కసారి చూసుకోలేదు. సిగ్గేసింది కూడా.

అప్పుడు 2011 నాటి సంగతి గుర్తొచ్చింది. బడి నుంచి బదిలీ అవుతుంటే "ఈ ఐదేళ్ల పీఎఫ్ తీసేస్కో, మళ్లా ఎప్పుడు వస్తవో ఏమో" అన్నారు తోటివాళ్లు. పెద్దమ్మాయి నర్సింగులో చేరే సమయం, డబ్బు అవసరం కూడా ఉంది. పీఎఫ్‌కు ఫారం 19, పెన్షన్ వాటాకు ఫారం 10సీ, రెండూ నింపి సంతకం కూడా పెట్టాను. మా హెడ్ క్లర్క్ సార్ ఆ కాగితాలు చూసి, మడిచి, నా చొక్కా జేబులోనే తిరిగి పెట్టాడు. "పైసలు ఎక్కడన్న దొరుకుతయ్ రా. పోయిన సర్వీసు యాడ దొరుకుతది?" అన్నాడు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. కాంపౌండులోనే ఒకరి దగ్గర వడ్డీకి తెచ్చి ఫీజు కట్టాను. 2018లో ఆ పాస్‌బుక్ చూస్తూ ఉంటే ఆయన చెయ్యి జేబు మీద తగిలినట్టే అనిపించింది. అప్పటికి ఆయన లేడు.

అంటే ఆ ఐదేళ్లూ ఎక్కడో ఉన్నాయి. తీసుకోలేదు కాబట్టి పోలేదు. 2015లో నన్ను కొత్తగా చేరినట్టు చూపించి కొత్త నంబరు ఇచ్చారు. పాతది దానికి కలపలేదు. పాత నంబరు నా దగ్గర లేదు. బడిలో పాత రిజిస్టర్లు చెదలు పట్టి పారేశారట. మూడు రోజులు ఇల్లంతా వెతికాం. చివరికి మా ఆవిడకు దొరికింది, ట్రంకు పెట్టెలో కీర్తనల పుస్తకం మధ్యలో, 2009 నాటి పీఎఫ్ స్లిప్పు. ఏపీ అని మొదలయ్యే నంబరు. కాగితం మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది గానీ నంబరు ఉన్న ముక్క బాగానే ఉంది.

నంబరు దొరికితే పని అయిపోయినట్టే అనుకున్నా. పాతదానిలో నా పేరు వేరు.

మా ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. బడిలో వేసేటప్పుడు తాత పేరు పెట్టారు, బాప్తిస్మంలో బైబిల్లోని పేరు పెట్టారు. సంఘంలో అందరూ రెండో పేరుతోనే పిలుస్తారు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో మొదటిది. 2006లో బడిలో పీఎఫ్ కాగితాలు నింపినవాళ్లు మిషన్ స్టాఫ్ రిజిస్టరు చూసి బాప్తిస్మపు పేరు రాశారు. 2015లో నింపినవాళ్లు ఆధార్ చూసి రాశారు. పైగా పాతదానిలో పుట్టిన సంవత్సరం 1963 అని ఉంది, అసలు 1965. పీఎఫ్ లెక్కలో నేను ఇద్దరు మనుషులం.

పేరు, పుట్టిన తేదీ సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్ అని ఒక ఫారం. అప్పట్లో ఉద్యోగి, యజమాని ఇద్దరూ సంతకం పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చేస్తున్నారు, నాకప్పుడు కాగితం మీదే. 2018 జులైలో మొదటిసారి ఇచ్చాను. తిరిగొచ్చింది: బడి కరస్పాండెంట్ మారారు, కొత్తాయన సంతకం పీఎఫ్ ఆఫీసు రికార్డుల్లో లేదు. ముందు ఆయన సంతకం నమోదు చేయించాలి. ఆయనకు పది ఊళ్లలో పది మీటింగులు. ఒక సోమవారం ఆయన కారెక్కుతుంటే కారు డోరు దగ్గరే ఫైలు పట్టుకొని సంతకం పెట్టించుకున్నాను. రెండోసారి ఆధార్ నకలు మీద స్టాంపు లేదని తిరిగొచ్చింది. నేనే గుమాస్తా, స్టాంపు నా సొరుగులోనే ఉంటుంది, నా కాగితానికే వేయడం మరిచాను. ఎవర్ని తిట్టుకోవాలి?

2019 మార్చిలో ఇద్దరం ఒక్క మనిషి అయ్యాం. తర్వాత ఫారం 13 పెట్టి పాత నంబరును కొత్తదానికి కలపమన్నాను. జూన్‌లో కలిసింది. పాస్‌బుక్ తెరిస్తే పాత పీఎఫ్ సొమ్ము వడ్డీతో సహా వచ్చింది గానీ పక్కనే పెన్షన్ గడిలో సున్నా. గుండె ఆగినంత పనైంది. పీఎఫ్ ఆఫీసుకు పరుగెత్తాను. కౌంటర్లో ఉన్నామె నా మొహం చూసి నవ్వింది. "పెన్షన్ పైసలు మీ పేరు మీద జమకావు సార్. అవి అందరివీ కలిపి ఒక్క ఫండ్‌లో ఉంటయ్. మీకు లెక్కకు వచ్చేది సర్వీసు మాత్రమే. అది వచ్చింది," అని కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం ఆ ఫండ్‌కే పోతుందని చలాన్లో ప్రతి నెలా నేనే వేసేవాణ్ణి. వేసేవాడికీ తెలిసినవాడికీ తేడా ఉంటుంది.

ఇక మిగిలింది మధ్యలోని నాలుగేళ్లు, 2011 నుంచి 2015. అదే మిషన్, అదే కాంపౌండు, పీఎఫ్ మాత్రం లేదు. కమిటీకి అర్జీ పెట్టాను, ఆ నాలుగేళ్లు కూడా కట్టమని. మీటింగులో ఒక పెద్దాయన అన్నాడు, "అది ఆఫీసు ఉద్యోగం కాదు గదా అన్నా, దేవుని సేవ." నేను ఊరుకోలేకపోయాను. "ఆ నాలుగేండ్ల చిట్టా రాసింది నేనే సార్. అందుల నా పైసలు 'జీతాలు' అనే పద్దు కిందనే ఉన్నయ్. 'సేవ' అనే పద్దు మన పుస్తకంల లేదు," అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. టీ వచ్చింది. అర్జీ మీద 'తదుపరి పరిశీలన' అని రాశారు. ఆ తదుపరి ఇప్పటికీ రాలేదు.

బేసిక్, అంటే మూల జీతం, దాని సంగతీ అంతే. మాకు జీతంలో సగానికి కాస్త ఎక్కువే బేసిక్ కింద చూపించి, మిగిలింది అలవెన్సులంటారు. పీఎఫ్ బేసిక్ మీదే కడతారు. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు కూడా పీఎఫ్ లెక్కలోకి వస్తాయని. అది కూడా ఒక బడి కేసే. పేపర్ కటింగ్ తీసుకెళ్లి కరస్పాండెంట్‌గారికి చూపించాను. మంచిది, చూద్దాం అన్నారు. కటింగ్ ఇంకా నా ఫైల్లోనే ఉంది, పసుపురంగు తిరిగింది.

నా చేతిలో ఉన్నది చేద్దామని రెండు పనులు మొదలుపెట్టాను. పీఎఫ్‌కు నా వాటాకు పైన ఇంకో వెయ్యి కోయించుకున్నాను. స్వచ్ఛందంగా ఎక్కువ కట్టుకోవచ్చు, అదే వడ్డీ వస్తుంది, యజమాని కాదనడానికి కూడా ఏమీ ఉండదు, వాళ్ల జేబులోంచి పోదు కనుక. పోస్టాఫీసులో నెలకు రెండు వేల ఆర్‌డీ తెరిచాను, ఐదేళ్లకు. 11,200లో మూడు వేలు పక్కన పెట్టడం ఎలాగో అడగకండి. మా ఆవిడ కుట్టుమిషన్ రాత్రి పదకొండింటి దాకా ఆడింది. అల్లుడు ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) అన్నాడు గానీ 53లో మొదలుపెట్టి, చివర్లో కొంత భాగంతో మళ్లీ పెన్షన్ కొనుక్కోవాలంటే నాకు ధైర్యం చాలలేదు. కరోనాలో బడి మూసి సగం జీతాలు ఇచ్చినప్పుడు పీఎఫ్ నుంచి 20 వేలు తీశాను. తీయకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనుకోవడం తేలిక. అప్పుడు ఇంట్లో బియ్యం అయిపోయాయి.

ఇంటి విషయంలోనే మా ఇద్దరికీ పెద్ద గొడవ. ఆమెకు హనుమకొండ వదలడం ఇష్టం లేదు. 34 ఏళ్లుగా తెల్లారితే గుడి గంట విని లేచిన మనిషి. వర్ధన్నపేట దగ్గర మా ఊళ్లో నా వాటాకు వచ్చిన పెంకుటిల్లు ఉంది, సగం కూలింది. అందులో పాముంటుందని ఆమె, అద్దె కట్టలేమని నేను. చివరికి తేల్చింది మా చిన్నమ్మాయి. కాగితం మీద రెండు వరసలు రాసింది: హనుమకొండలో అద్దె నెలకు 6,000 లెక్కన పదేళ్లకు 7 లక్షల 20 వేలు; ఊళ్లో ఇల్లు బాగుచేస్తే ఒకేసారి రెండు లక్షలు. మా ఆవిడ ఆ కాగితం చాలాసేపు చూసి, "పామును ఎల్లగొట్టినంకనే వస్త," అంది.

2023 ఏప్రిల్‌లో ఆర్‌డీ గడువు ఇంకా తీరకపోయినా పని మొదలుపెట్టించాం, ఆమె మహిళా సంఘంలో తీసుకున్న 60 వేల అప్పుతో. ఆర్‌డీ వచ్చాక, 1 లక్షా 45 వేల చిల్లర, అదీ దానిలోనే పోసేశాం. పెంకులు తీసి రేకులు వేశాం, బాత్రూం కట్టాం, ఒక గదికి బండలు పరిచాం. పాము కనిపించలేదు. తేళ్లు మాత్రం మూడు.

2023 జూన్ 30న రిటైరయ్యాను. శాలువా, దండ, గోడ గడియారం. అవును, అదే రకం గడియారం.

పెన్షన్ లెక్క ముందే వేసి పెట్టుకున్నాను. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. నా సగటు బేసిక్ 9,000. సర్వీసు 13 ఏళ్లు. మామూలుగా అయితే 1,671 రావాలి. కానీ 2014 సెప్టెంబరుకు ముందరి సర్వీసుకు జీతం పరిమితి 6,500. ఆ తర్వాతిదానికి 15,000. అందుకని రెండు ముక్కలు చేసి లెక్కిస్తారు. ముందరి ఐదేళ్లకు 6,500 చొప్పున 464, తర్వాతి ఎనిమిదేళ్లకు 9,000 చొప్పున 1,029. మొత్తం 1,493.

మా వదినకు రాష్ట్ర ప్రభుత్వ ఆసరా వితంతు పెన్షన్ 2,016 వస్తుంది. "మరిదీ, నేను ఏ ఆఫీసుల జేసిన్నో నీకెర్కనా?" అని ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

పెన్షన్‌ను రెండేళ్లు ఆపి 60కి తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. వేసి చూశాను. 1,493 కాస్తా 1,615 అవుతుంది. నెలకు 122 ఎక్కువ. అందుకోసం వదులుకునేది 24 నెలల పెన్షన్, 35,832. ఆ నష్టం పూడాలంటే నేను 84 దాటాలి. మా వంశంలో 75 దాటినవాళ్లు లేరు. ఆపలేదు.

ఇంకో లెక్క మా ఆవిడకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా. నా తర్వాత ఆమెకు వచ్చేది నా దాంట్లో సగం, అంటే 746. అయితే కనీస పెన్షన్ వెయ్యి అని 2014లో పెట్టారు కాబట్టి వెయ్యి ఇస్తారు. ఇల్లు ఆమె పేరుకు మార్చింది అందుకే.

పెన్షన్‌కు ఫారం 10డీ, పీఎఫ్‌కు ఫారం 19. రెండూ ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ముందు బడివాళ్లు నేను మానేసిన తేదీ ఎక్కించాలి. నా సీట్లో కొత్తగా వచ్చిన కుర్రాడికి పాస్‌వర్డ్ తెలియదు. రిటైరైన వారానికి నా కుర్చీ పక్కన స్టూలు వేసుకొని కూర్చొని నా తేదీ నేనే చెప్పి ఎక్కించాను. 10డీ ఒకసారి తిరగ్గొట్టారు, మా ఆవిడ పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని. పీఎఫ్ వాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అని శిబిరం పెడతారు. అక్కడికి పోతే అరగంటలో ఏ కాగితం కావాలో చెప్పారు. నాలాంటి వాడికి ఆఫీసు చుట్టూ పది సార్లు తిరగడం కంటే ఆ ఒక్క పూట మేలు.

ఆగస్టు 11న పీఎఫ్ పడింది, 2 లక్షల 84 వేల చిల్లర. దీనికోసం ముందే అనుకున్నది పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం. వడ్డీ అప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, చేరినప్పటి వడ్డీయే ఐదేళ్లూ ఉంటుంది. మామూలుగా 60 నిండాలి, కానీ 55 దాటి రిటైరైనవాళ్లు ఆ రిటైర్మెంటు సొమ్ముతో ముందే చేరవచ్చు. నేను చేరేనాటికి ఆ సొమ్ము అందిన నెలలోపే కట్టాలని ఉండేది. ఆ నవంబరులోనే దాన్ని మూడు నెలలు చేశారు. నాకు ఆ భాగ్యం లేదు. సెప్టెంబరు 10 లోపల బడి నుంచి లెటర్ కావాలి: ఎప్పుడు రిటైరయ్యాడు, ఏ సొమ్ము ఎప్పుడు వచ్చింది. కరస్పాండెంట్‌గారు ఊళ్లో లేరు. ఆరో తారీఖున దొరికారు. ఏడున రెండున్నర లక్షలు కట్టాను. మూడు నెలలకు 5,125.

గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లను బట్టి యజమాని ఇచ్చే సొమ్ము, దాని దగ్గర మళ్లీ పేచీ. చివరి బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 9,750. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 5,625. మొదట ఎనిమిదేళ్లకే లెక్కగట్టి 45,000 అన్నారు. ముందరి ఐదేళ్లూ ఇదే బడి కదా అని పాత అపాయింట్‌మెంట్ ఆర్డరు పెట్టాను. 13 ఏళ్లకు 73,125 చేశారు. మిషన్ ఆఫీసుతో కలిపి 34 ఏళ్లకు ఇవ్వాలని నా వాదన, అప్పుడు 1,91,250 అవుతుంది. బడి వేరు, మిషన్ ఆఫీసు వేరు అన్నారు. నన్ను బదిలీ చేసినప్పుడు మాత్రం రెండూ ఒకటే. చట్టంలో 30 రోజుల్లో ఇవ్వాలని ఉంది. నాకు ఏడు నెలలకు ఇచ్చారు. లేబర్ ఆఫీసుకు పోవచ్చని తెలుసు. ఆ కమిటీలో సగం మంది నా పిల్లల పెళ్లిళ్లకు వచ్చి నిలబడ్డవాళ్లు. పోలేదు. అది మంచితనమో చేతకానితనమో మా అల్లుడికీ నాకూ ఇంకా తేలలేదు.

క్వార్టర్ ఆగస్టు దాకా ఉండనిచ్చారు, చిన్నదాని పరీక్షలని. తాళంచెవి ఇచ్చినప్పుడు రసీదు అడిగాను. కుర్రాడు నవ్వి, "రిజిస్టర్ల మీరే రాస్కోండి సార్," అన్నాడు. రాసుకున్నాను.

వెళ్లేముందు ఒక ఆదివారం చింతచెట్టు కింద కాంపౌండు స్టాఫ్‌ను కూర్చోబెట్టాను. వంటావిడ, వాచ్‌మన్, హాస్టల్ కుర్రాళ్లు ఇద్దరు, కొత్త ఉపదేశి. ఒకావిడ అంది, రేపటి సంగతి చింతించొద్దని వాక్యం ఉంది కదన్నా అని. ఐగుప్తులో యోసేపు ఏడేళ్లు ధాన్యం ఎందుకు దాచాడమ్మా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు గానీ ఒప్పుకున్నట్టు కూడా లేదు. నేను వాళ్లకు చెప్పింది మూడే: నీ పీఎఫ్ నంబరు, అందులో నీ పేరు ఈ వారమే చూసుకో, పదేళ్లు నిండకముందు 10సీ మీద సంతకం పెట్టకు, పీఎఫ్ లేనివాళ్లు, నలభై లోపువాళ్లు, బ్యాంకులో అటల్ పెన్షన్ తెరవండి. కొత్త ఉపదేశికి 30 ఏళ్లు. నెలకు 577 కడితే 60 నుంచి ఐదు వేలు వస్తుంది, అతని తర్వాత భార్యకు కూడా అంతే వస్తుంది. "నాకంటే మూడింతలు ఎక్కువ," అంటే నమ్మలేదు. నా లెక్క చూపించాను. మరుసటి వారం బ్యాంకుకు పోయాడు.

ఇప్పుడు మా ఇంటి చిట్టా ఇది. పెన్షన్ 1,493. పోస్టాఫీసు వడ్డీ నెలకు పంచితే 1,708. వర్ధన్నపేటలో ఒక విత్తనాల కొట్టుకు వారానికి రెండు రోజులు లెక్కలు రాస్తాను, 5,000. ఆమె కుట్టుమిషన్ మీద రెండు వేల దాకా. గ్రాట్యుటీ డబ్బు ఆసుపత్రి కోసమని బ్యాంకులో వేసి ముట్టుకోలేదు. మందులకు మాత్రం ఇప్పుడు పూర్తి ధర. కోతపండుగ బియ్యం రావు, బస్తా కొనుక్కున్న మొదటిసారి ఆమె ఏమీ అనలేదు గానీ బస్తా మీద చేయి పెట్టి కాసేపు నిలబడింది.

ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, మొహం చూపిస్తే చాలు. మొన్న ఇంట్లో కూర్చొని చేద్దామంటే రేకుల కింద వెలుతురు చాలదని మూడుసార్లు ఒప్పుకోలేదు. అద్దాలు తీయమంది, రెప్పలు ఆడించమంది. వాకిట్లో మంచం వేసుకొని నాలుగోసారి మొదలుపెట్టాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ చూస్తోంది.

"గంత తిప్పలెందుకు? ఫోను నాకియ్యి, బతికే ఉన్నడని నేను జెప్త."

ఐదోసారికి తీసుకుంది.